కొల్లేటి ఖాతా

అభివృద్ధి, పర్యావరణం మీద స్మారకోపన్యాసం అనగానే సిద్ధాంతంతో మొదలుపెట్టడం రివాజు. కొల్లేటి సంగతి మాత్రం తవుడు బస్తాతో మొదలుపెట్టడమే మేలు.

చేపల చెరువులో తవుడును ఊరికే గుమ్మరించరు. బస్తాకు చిన్న చిన్న చిల్లులు పొడిచి, నీళ్ళలో పాతిన వెదురు గెడకు కడతారు. శీలావతి, బొచ్చె ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి మేత లాక్కుంటాయి. బస్తా ఎంత చిక్కిందో చూస్తే మర్నాటి మేత లెక్క తేలిపోతుంది. ఎదిగిన చేప ఐసు మధ్య లారీ ఎక్కి హౌరా దాకా పోతుంది. తవుడు, కూలి, ఐసు, డీజిలు, అమ్మకం అన్నీ ఖాతా పుస్తకంలోకి ఎక్కుతాయి. చెరువు ఏ సరస్సులో తవ్వారో ఆ సరస్సుకు మాత్రం అందులో పద్దు లేదు.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు గుండా నిదానంగా సముద్రంలోకి వదలడం దాని పని. ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ పోతుంది, తొందరపెడితే వినదు. సముద్ర మట్టానికి 10 అడుగుల ఎత్తున, అంటే ప్లస్ 10 కాంటూరు దగ్గర, సరస్సు విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. ప్లస్ 5 దగ్గర 308, ప్లస్ 3 దగ్గర 135. నేల అంత బల్లపరుపు. రెండడుగుల తేడాకు సగం పైగా సరస్సు లెక్కలోంచి పోతుంది.

అలాంటి చోట వేసిన ప్రతి గట్టూ వరద నిలిచే జాగాను ఆ మేరకు మింగుతుంది. చేపల లాభం గట్టు లోపలివాడిది, పక్కకు మళ్ళిన నీళ్ళు గట్టు బయటి వరి రైతువి. ఆర్థికవేత్తలు దీన్ని బాహ్య ప్రభావం అంటారు. ఒకరి పని మరొకరి మీద మోపే నష్టం ధరలో కలవకపోతే పన్ను వేసైనా కలపాలని ఆర్థర్ పిగూ 1920లోనే వాదించాడు. జాతీయాదాయం లెక్కలకు పునాది వేసిన సైమన్ కుజ్నెట్స్ కూడా, ఆ అంకె చూసి దేశం క్షేమాన్ని తేల్చవద్దని 1934లో హెచ్చరించాడు. ఎందుకో కొల్లేట్లో తెలుస్తుంది. పొక్లెయిన్ గట్టు పోస్తే దాని అద్దె ఆదాయం, అదే పొక్లెయిన్ గట్టు తెంపితే అదీ ఆదాయమే!

నిజానికి కొల్లేటివాళ్ళకు చెరువు కొత్త, సరస్సు పాత. తాటి మాను తొలిచిన దోనె, గెడ, మావులతో వాళ్ళు చేపలు పట్టుకున్నారు. 1970ల్లో ప్రభుత్వమే మత్స్యకారుల సొసైటీలకు చెరువులు తవ్వించింది. పెట్టుబడి చాలని సొసైటీలు వాటిని లీజుకిచ్చాయి, లీజుదారు పెద్దవాడయ్యాడు, సభ్యుడు తన చెరువు మీదే కూలీ అయ్యాడు. ఉమ్మడి ఆస్తి ఉమ్మడి దురాశవల్ల చెడుతుందని గారెట్ హార్డిన్ 1968లో రాసిన మాట ఇక్కడ అంతగా అతకదు. వాడుకునేవాళ్ళే కట్టుబాట్లు పెట్టుకుని ఉమ్మడి వనరును కాపాడుకోగలరని చూపి 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ దగ్గరే కొల్లేటికి పనికొచ్చే పాఠం ఉంది.

కొల్లేరును 1999లో ప్లస్ 5 కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చెరువుల గట్లు తెంపారు. ఆ గీత లోపల జిరాయితీ పట్టాలున్న రైతులూ ఉన్నారు. పక్షుల కోసం తమ పొలం పోయిందన్న వాళ్ళ గోడును అత్యాశ అని కొట్టేయడం అన్యాయం, పరిహారం లేని సంరక్షణ కూడా ఒకరి నెత్తిన మోపిన ఖర్చే. అభయారణ్యాన్ని ప్లస్ 3కు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. ఆ కోరిక ఇప్పటికీ ఎన్నికలప్పుడల్లా కొల్లేటి లంక గ్రామాల్లో వినిపిస్తుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్ళింపు కాలువకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగింది. వాన అసాధారణం, తప్పంతా కొల్లేటి చెరువుల మీద వేయలేం. అయినా బుడమేరు నీళ్ళు చివరకు చేరవలసింది కొల్లేటికే. మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించిన ప్రభుత్వం, వీధివీధికీ మనుషుల్ని పంపి తడిసిన సామాను లెక్క రాయించింది.