తుపాను నాటి రేడియోకు కారు బ్యాటరీ: ఒక జమాఖర్చుల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున ఏదైన ఒక విషయమును గూర్చి మాట్లాడవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, భారతము నుండియో భాగవతము నుండియో ఒక ఘట్టమును నేను స్వీకరింతునని వారు తలచియుందురు. నా అభిరుచియు అట్టిదే. అయినను ఈ పర్యాయము మోటారు కారు బ్యాటరీ నుండి అమెచ్యూర్ రేడియోకు విద్యుత్తును తెచ్చుకొను పద్ధతిని గూర్చి చెప్పదలచితిని. మన గ్రామము సముద్రమునకు చేరువ నున్నది. ఏటేట అక్టోబరు, నవంబరు మాసములలో ఆకాశము వంక చూచుచు గడపువారము. కావున మనకు ఇది వినోద విషయము కాదు. నేను ఇంజనీరును కాను, లెక్కలు వ్రాసుకొనువాడను. అయితే ఈ విషయమున లెక్కయే ప్రధానమగుటచే మాట్లాడుటకు సాహసించుచున్నాను.

మన కావ్యములందు దూతకు గొప్ప స్థానము కలదు. రామ సందేశమును హనుమంతుడు సీతాదేవికి చేర్చెను. నల దమయంతుల నడుమ హంస రాయబారము నడపెను. కాళిదాసుని యక్షుడు మేఘమునే దూతగా పంపెను. కాని తుపాను నాడు ఆ మేఘమే మనకు శత్రువగుచున్నది. ఆనాడు మన వార్తను మోయువారెవరు?

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి పదివేలకు పైగా ప్రాణములను బలిగొన్నది. ఆనాడు తంతి స్తంభములు కూలినవి, రోడ్లు తెగిపోయినవి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకునాటికి ప్రతివాని జేబులోను సెల్‌ఫోను ఉండెను. అయినను పెక్కు ప్రాంతములలో ఆ ఫోన్లు మూగపోయినవి. సెల్‌ఫోను టవరునకు విద్యుత్తు వలయును. కరెంటు పోయినచో బ్యాటరీలు కొన్ని గంటలు, డీజిలు జనరేటరు మరికొంత కాలము నడుపును. డీజిలు తెచ్చు రోడ్డు మునిగినను, టవరును పట్టణముతో కలుపు తీగ తెగినను ఆ టవరు ఉత్త ఇనుప స్తంభమే.

అమెచ్యూర్ రేడియోకు అట్టి టవరుతో పని లేదు. ఒక యంత్రము, ఒక ఏరియలు, కొంత విద్యుత్తు ఉన్నచో ఒక మనిషి మరియొక మనిషితో నేరుగా మాట్లాడవచ్చును. ఏడు మెగాహెర్ట్జుల ప్రాంతపు తరంగములు మీదికిపోయి, ఆకాశములోని అయనోస్ఫియరను పొరను తాకి మరల క్రిందికి దిగి, వందల కిలోమీటర్ల దూరమున వినబడును. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్‌గారు, వారి సహచరులు అండమాన్ దీవులకు వెళ్ళి, పోర్టు బ్లెయిరు నుండి ప్రపంచ దేశముల రేడియో మిత్రులతో సంభాషించుచుండిరి. డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చినది. తక్షణమే వారు వినోద సంభాషణను మాని, ఆ రేడియోతోనే ఆపన్నుల క్షేమ సమాచారములను ప్రధాన భూభాగమునకు చేరవేసిరి.

ఈ రేడియోను ఎవరుబడిన వారు వాడరాదు. పరీక్షలో ఉత్తీర్ణులై, కేంద్ర ప్రభుత్వ కమ్యూనికేషన్ల శాఖ నుండి అనుజ్ఞాపత్రము పొందవలెను. పండ్రెండు సంవత్సరములు నిండిన బాలురును, బాలికలును ఈ పరీక్షకు కూర్చుండవచ్చును. దీనితో వ్యాపారపు మాటలు మాట్లాడుట నిషిద్ధము. ఈ సంగతి ఇంతటితో చాలును.

ఇక అసలు విషయము. యంత్రము కొన్నవారు తమకు సర్వమును సమకూడినదని తలతురు. కాని ఆపద నాడు వార్త బయటికి పోవునా పోదా అనుదానిని నిర్ణయించునది యంత్రపు వెల కాదు. బ్యాటరీకిని యంత్రమునకును నడుమనుండు నాలుగు మూరల తీగ.

కారు బ్యాటరీలో ఆరు అరలుండును. పూర్తిగా నిండి, విశ్రాంతిగా నున్నపుడు అది రమారమి 12.6 వోల్టులు చూపును. సగము ఖర్చయినపుడు 12.2కు దిగును. ఇంజను నడచుచున్నపుడు ఆల్టర్నేటరు దానిని 13.8 మొదలు 14.4 వోల్టుల వరకు నిలుపును. సాధారణముగా కారులో పెట్టు రేడియోలు 13.8 వోల్టులకు నిర్మింపబడినవి. అందు నూటికి పదిహేను వంతులు హెచ్చు తగ్గులను సహించును. అనగా 11.7కు తగ్గినచో వాటికి కష్టము. 100 వాట్ల యంత్రము వినునపుడు ఒకటి రెండు ఆంపియర్లతో సరిపెట్టుకొనును గాని, పలుకునపుడు ఇరువది, ఇరువది రెండు ఆంపియర్లు కోరును.

ఇచట మన కాలువల సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తూము వద్ద నీరు నిండుగానే యుండును. బోదె సన్నదై, పొడవైనచో శివారు భూమికి నీరందదు. రైతు తూము వద్దకు పోయి చూచి నీరున్నదని సంతోషించిన ప్రయోజనమేమి? శివారు మడిలో ఎన్ని అంగుళములున్నదో కొలువవలెను. తీగయందు వోల్టుల సంగతియు ఇట్టిదే.

లెక్క చూతము. బ్యాటరీ ముందు బానెట్టు క్రింద ఉన్నది. రేడియో సీటు వద్ద ఉన్నది. పోను అయిదు మీటర్లు, రాను అయిదు మీటర్లు, మొత్తము పది మీటర్ల రాగి తీగ అనుకొందము. ఇంటి ప్లగ్గులకు వాడు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో, 22 ఆంపియర్లు ప్రవహించునపుడు దారిలోనే ఒకటిన్నర వోల్టులు ఖర్చగును. 6 చదరపు మిల్లీమీటర్ల తీగకు ఆ నష్టము 0.63 వోల్టు. 10 చదరపు మిల్లీమీటర్ల తీగకు 0.38 మాత్రమే. ఇంజను ఆపియుండి, బ్యాటరీ వద్ద 12.4 వోల్టులున్నవనుకొనుడు. సన్న తీగతో రేడియోకు దక్కునది 10.9. మధ్య తీగతో 11.8. లావు తీగతో 12.0. పలుకునపుడు బరువు పడి బ్యాటరీయే మరికొంత దిగును గనుక, మధ్య తీగయు అంచున నిలిచినదే. లావు తీగయే శ్రేయస్కరము.

సన్న తీగ వేసినవానికి ఏమగునో గమనింపుడు. ఎండకాలమున ఇంజను నడచుచుండగా పరీక్షించినపుడు అంతయు చక్కగా పనిచేయును. తుపాను రాత్రి ఇంజను ఆపి, బ్యాటరీ మీద కూర్చున్నపుడు రేడియో వినుచునే యుండును. దూరమునుండి "మీ గ్రామమున ఎందరు క్షేమము? పడవలు పంపవలయునా?" అను ప్రశ్న స్పష్టముగా వినవచ్చును. సమాధానము చెప్పుటకు మీట నొక్కగానే వోల్టులు పడిపోయి, యంత్రము గొంతు తడబడి ఆరిపోవును. చెవి ఉన్నది, నోరు లేదు. రేడియో లేకుండుటకంటె ఇది దుర్భరము.

కొందరు సిగరెట్టు లైటరు రంధ్రములో ప్లగ్గు గ్రుచ్చి పని నడపవచ్చునందురు. అయిదు వాట్ల చేతి రేడియోకు అది చాలును. దాని వెనుకనున్న తీగ సన్నది. ఫ్యూజు సాధారణముగా పది మొదలు ఇరువది ఆంపియర్లది. పెద్ద యంత్రమునకు తీగ తిన్నగా బ్యాటరీ నుండియే రావలెను. ఇందు మరియొక లాభము కలదు. ఇంజను వేగముతో హెచ్చుచు తగ్గుచు ఈలవలె వినబడు ఆల్టర్నేటరు రొద, బ్యాటరీ నుండి నేరుగా తీగ తెచ్చినచో చాల వరకు తగ్గును.

ఫ్యూజును గూర్చి పెక్కుమందికి ఒక అపోహ కలదు. అది రేడియోను కాపాడుటకని తలతురు. ప్రధానముగా అది తీగను, తద్ద్వారా కారును, కారులోని మనుష్యులను కాపాడుటకు. కారు బ్యాటరీ క్షణములో వందల ఆంపియర్లు కుమ్మరింపగలదు. తీగ ఒరిసికొని పైతొడుగు పోయి ఇనుమునకు తగిలినచో నిప్పు పుట్టును. కావున ఫ్యూజు రేడియో వద్ద కాదు, బ్యాటరీకి జానెడు దూరము లోపల ఉండవలెను. ఫ్యూజుకు బ్యాటరీకి నడుమనున్న తీగకు రక్షణ లేదని గుర్తుంచుకొనవలెను. 22 ఆంపియర్ల యంత్రమునకు 30 ఆంపియర్ల ఫ్యూజు తగియున్నది. పోయిన ఫ్యూజు స్థానమున రాగి పోగులో, సిగరెట్టు పెట్టెలోని మెరుపు కాగితమో చుట్టుట మన పల్లెలలో అలవాటు. దానిని కారులో చేసినవాడు తన చితికి తానే నిప్పు పెట్టుకొన్నవాడు. తీగ ఇంజను గదినుండి లోనికి వచ్చు రంధ్రమునకు రబ్బరు వలయము తప్పక ఉండవలెను.

ఎరుపు తీగ ధనధ్రువమునకు, నలుపు ఋణధ్రువమునకు. పాత పద్ధతిలో నలుపు తీగను గూడ బ్యాటరీకే బిగించి, దానికిని ఒక ఫ్యూజు పెట్టుదురు. దానికి కారణమున్నది. బ్యాటరీ నుండి ఇంజనుకు పోవు లావు పట్టీ వదులైనచో, ఇంజను స్టార్టు చేయునపుడు ఆ మహాప్రవాహము రేడియో నలుపు తీగ గుండ దారి వెదకుకొనును. క్రొత్త కార్లలో బ్యాటరీ ఋణధ్రువము మీద వచ్చిపోవు విద్యుత్తును లెక్కించు చిన్న పరికరముండును. ఒక విధముగా అది కారుకు గుమాస్తా. దానిని దాటించి తీగ బిగించినచో లెక్క తప్పును. అట్టి కార్లలో, బ్యాటరీ సొంత తీగ కారు శరీరమునకు బిగింపబడిన చోటనే మన నలుపు తీగను గూడ బిగించుట న్యాయము.

పని చేయునపుడు చేతి ఉంగరములు, గడియారము తీసివేయవలెను. మొదట నలుపు తీగ విప్పి, తుదకు నలుపు తీగయే బిగించవలెను. ఛార్జి అగుచున్న బ్యాటరీ హైడ్రోజను వాయువును విడుచును గనుక దగ్గర చుట్ట, బీడీ పనికిరావు. ట్రాక్టరునకును 12 వోల్టుల బ్యాటరీయే కనుక అది మనకు అక్కరకు వచ్చును. పెద్ద లారీలలో, బస్సులలో పెక్కింటికి 24 వోల్టులుండును. తొందరలో వానికి తగిలించినచో రేడియో దగ్ధమగును. ముందు మీటరుతో కొలిచి చూడవలెను.

ఇక నా వృత్తికి తగిన భాగమునకు వచ్చితిని. బ్యాటరీ ఒక చిట్టా పుస్తకము. 45 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉన్నదనుకొనుడు. మరల ఇంజను స్టార్టగుటకు నిలువ ఉంచవలెను గనుక, అందు మూడవ వంతు, అనగా 15 మాత్రమే ఖర్చుకు తీయుదము. గంటలో పది నిమిషములు పలికినచో, 20 ఆంపియర్ల చొప్పున 3.3 ఖర్చు. ఏబది నిమిషములు వినినచో, 1.2 చొప్పున 1.0 ఖర్చు. వెరసి 4.3. పదునైదును దీనితో భాగించిన మూడున్నర గంటలు. ఆ పైన ఇంజను నడపి జమ కట్టవలెను. ఆ నడుపుట ఆరుబయట జరుగవలెను. మూసిన షెడ్డులో ఇంజను పొగ ప్రాణాంతకము. పెట్రోలు అయిపోయిననాడు జమ లేదు కనుక, తుపాను హెచ్చరిక వినగానే ట్యాంకు నింపుట మొదటి పని, కారును మెరక మీద నిలుపుట రెండవ పని.

పొదుపునకు ఒక మార్గము చెప్పెదను. 100 వాట్లను 25కు తగ్గించినచో, ఆవల వినువాని యంత్రములోని కొలతలో ఒక్క మెట్టు మాత్రమే దిగును. మాట వినబడుచునే యుండును. బ్యాటరీ ఖర్చు మాత్రము సగము వరకు తగ్గును. అరచినచో ఎక్కువ దూరము వినబడుననుకొనువారికి ఇది విచిత్రముగా తోచును. మాటను ముందే కాగితముపై వ్రాసికొని, క్లుప్తముగా చదువుట మరియొక పొదుపు. ఎందరు, ఎచట, ఏమి కావలెను, ఎప్పటిలోగా: ఈ నాలుగే చాలును. హనుమంతుని మితభాషిత్వమును శ్రీరాముడు మెచ్చుకొన్నది ఊరక కాదు.

మన గ్రంథాలయమునకు నా విన్నపము ఒక్కటి. ఇరువది అయిదేండ్లుగా ఈ భవనము పుస్తకములను భద్రపరచినది. ఇకమీదట ఒక బీరువాలో ఒక అరను ఆపత్కాలమునకు కేటాయింపుడు. అందు పది మీటర్ల లావు తీగ, నాలుగు ఫ్యూజులు, ఒక మీటరు, ఒక నోటుపుస్తకము ఉండనిండు. అనుజ్ఞాపత్రపు పరీక్షకు చదువగోరు యువతీయువకులకు పుస్తకములు తెప్పించుడు. ఏటేట సెప్టెంబరులో ఒక ఆదివారము, ఇంజను ఆపియుంచి, బ్యాటరీ మీదనే రేడియో పలికించి చూడవలెను. పలుకునపుడు రేడియో వద్ద ఎన్ని వోల్టులున్నవో ఆ పుస్తకమున తేదీతో సహా వ్రాయవలెను. నిరుటికంటె అంకె తగ్గినచో ఎక్కడనో మర వదులైనదని, బ్యాటరీ ముసలిదైనదని తెలియును. ఆ అంకె మన గ్రామమునకు తుపాను నాడు నోరున్నదో లేదో ముందుగా తెలుపు అంకె.

 మన గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ ఇట్లే జరుపుకొనుగాక. సెలవు.