డబ్బు వద్దన్నాడు, తోడు రమ్మన్నాడు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడాదీ ఇక్కడ మన జీతాలు, వీసాలు, ఇన్సూరెన్సుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యవర్గంవాళ్లు మమ్మల్ని మాజీ సైనికుల గురించి, వాళ్ల కుటుంబాల గురించి మాట్లాడమన్నారు. "అది మనకెందుకండీ, అమెరికా వాళ్ల సంగతి కదా?" అని బయట టీ దగ్గర ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఏడాది కిందటైతే మేమూ అదే అడిగేవాళ్లం. మేం డాలస్ చుట్టుపక్కల కట్టడాల పనుల్లో ఉన్నవాళ్లం. పాలిటెక్నిక్ డిప్లొమాతో వచ్చి, మనుషుల చేత పని చేయించుకుంటూ బతుకుతున్నవాళ్లం. ఉపన్యాసాలు మాకు రావు. మా సైట్లో జరిగింది జరిగినట్టు చెప్తాం.

మా దగ్గర సెంట్రింగ్ పనికి ఒక అమెరికన్ కార్పెంటర్ ఉండేవాడు. యాభై దాటినవాడు. టెక్సాస్ ఎండలకి మనం వేసవిలో కాంక్రీట్ తెల్లవారుజామున పోస్తాం కదా. నాలుగింటికి పని అంటే మూడున్నరకే గేటు దగ్గర ఉండేవాడు. ఒక్క రోజు ఆలస్యం లేదు. "చూడండ్రా, మనిషంటే ఇలా ఉండాలి" అని మన కుర్రాళ్లకి ఆయన్నే చూపించేవాళ్లం. మూడు నెలలు అలా మెచ్చుకున్నాం. తర్వాత ఒక రోజు, రాత్రిపూట సైట్ దగ్గర ఒక పికప్ ఆగి ఉంటోంది, లాక్కుపోమంటారా అని సెక్యూరిటీ అతను వచ్చి అడిగాడు. అది ఆయన బండే. ఆయన తొందరగా రావడం లేదు. అక్కడే పడుకుంటున్నాడు.

ఇరాక్ యుద్ధంలో చేసి వచ్చినవాడని ఆ రోజు తెలిసింది. మేం మనకి తెలిసిన పద్ధతిలోనే పోయాం. తలా కాస్త వేసుకుని, కవర్లో పెట్టి ఇచ్చాం. ఆయన కవర్ విప్పి కూడా చూడలేదు. వెనక్కిచ్చేశాడు. రెండు రోజులు మాతో మాట్లాడలేదు కూడా. మూడో రోజు భోజనం వేళ తనే వచ్చి కూర్చుని, "నాకు డబ్బు వద్దు. ఆఫీసుకి నాతో ఎవరైనా వస్తారా? ఒక్కడినే వెళ్తే సగంలో లేచి వచ్చేస్తాను" అన్నాడు.

అదండీ సంగతి. ఇవాళ మేం చెప్పదలుచుకున్నది ఆ ఒక్క ముక్కే. ఈ దేశంలో మాజీ సైనికులకి సాయం లేక కాదు. వీఏ అని మాజీ సైనికుల వ్యవహారాలకి ఒక పెద్ద ప్రభుత్వ శాఖే ఉంది. ఆస్పత్రులున్నాయి, పింఛన్లున్నాయి, చదువుకి, ఇంటి అప్పుకి పథకాలున్నాయి. ఉన్న సాయానికీ, అవసరం ఉన్న మనిషికీ మధ్య దారి తెలిసిన తోడు లేదు. ఆ తోడుని తయారు చేయడమే ఊరివాళ్ల పని.

ఆయన కథ ఏమిటంటే, చాలా ఏళ్ల కిందట వీపు నొప్పికి, నిద్ర పట్టకపోవడానికి దరఖాస్తు పెట్టాడు. కాదన్నారు. అప్పీలుకి ఏడాది గడువు ఉంటుంది, అది దాటిపోయింది. ఇక అయిపోయిందనుకుని కాగితాలన్నీ పారేశాడు. మేం ఫోన్లు మొదలుపెట్టాం. ఒక నంబరు వాళ్లు ఇంకో నంబరు ఇచ్చారు, వాళ్లు మరో నంబరు. రేషన్ కార్డు కోసం మండలాఫీసు చుట్టూ తిరిగిన రోజులు గుర్తొచ్చాయి. చివరికి ఒక పెద్దాయన చెప్పాడు, "ముందు మీ కౌంటీ ఆఫీసుకెళ్లండి" అని.

ఇది అందరూ రాసుకోండి. టెక్సాస్‌లో రెండు లక్షలు దాటిన జనాభా ఉన్న ప్రతి కౌంటీలోనూ మాజీ సైనికుల సేవాధికారి కార్యాలయం ఉండి తీరాలని చట్టం. మన దగ్గర జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటుంది చూడండి, ఆ లాంటిదే. పైసా తీసుకోరు. అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి సంఘాల వాళ్లూ ఉచితంగానే చేస్తారు. మొదటి దరఖాస్తు నింపిపెట్టినందుకు ఎవరూ రుసుము తీసుకోకూడదని ఫెడరల్ చట్టం. "నీ పింఛను పెంచిస్తాం, అందులో మాకింత" అని ఎవడైనా ఫోన్ చేస్తే పెట్టేయమని చెప్పండి.

ఆ ఆఫీసులో అధికారిణి మొదట అడిగింది డీడీ-214. సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే కాగితం అది. మనకి పట్టాదారు పాస్‌పుస్తకం ఎలాంటిదో వాళ్లకి అది అలాంటిది. అది లేకపోతే ఏ తలుపూ తెరుచుకోదు. పోతే సెయింట్ లూయిస్‌లో ఉన్న సిబ్బంది రికార్డుల కేంద్రం నుంచి నకలు తెప్పించుకోవాలి. 1973లో అక్కడ అగ్నిప్రమాదం జరిగి కోటిన్నరకు పైగా పాత ఫైళ్లు కాలిపోయాయి కూడా. అందుకే తెలిసినవాళ్లు కౌంటీ క్లర్క్ దగ్గర ఆ కాగితాన్ని నమోదు చేయించుకుంటారు. టెక్సాస్‌లో దానికి ఫీజు లేదు. అప్పీలు గడువు దాటినా కొత్త ఆధారం ఉంటే మళ్లీ దరఖాస్తు పెట్టొచ్చని ఆవిడే చెప్పింది. ఆ మాట విన్నాక మా కార్పెంటర్ బయటికొచ్చి బండిలో పది నిమిషాలు మౌనంగా కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదట.

ఇంటి విషయంలో ఇంకో సంగతి నేర్చుకున్నాం. గృహనిర్మాణ శాఖ అద్దెకి ఓచర్ ఇస్తుంది, వీఏ ఒక కేస్ వర్కర్ని ఇస్తుంది. రెండు శాఖలు కలిస్తేనే ఒక గది. ఇళ్లు లేని మాజీ సైనికులకి ప్రత్యేకంగా ఒక ఫోన్ లైన్ ఉంది, 877-424-3838. మన పక్కనే హ్యూస్టన్‌ని చూడండి. నగరం, కౌంటీ, వీఏ, గుడులూ చర్చీల లాంటి సంస్థలు, స్వచ్ఛంద సంఘాలు ఎవరి లిస్టు వాళ్లు పెట్టుకోవడం మానేసి, ఒకే లిస్టు పెట్టుకుని పనిచేశారు. మూడేళ్లలో 3,600 మందికి పైగా మాజీ సైనికులకి ఇల్లు చూపించారు. వీధిన పడ్డ మాజీ సైనికుడు ఎవరైనా సరే, వెంటనే ఇల్లు చూపించే ఏర్పాటు కుదిరిందని 2015 జూన్‌లో నగరం ప్రకటించింది. డబ్బు అంతకుముందూ ఉంది. కలిసి కూర్చోవడమే కొత్త.

మా కార్పెంటర్‌కి రెండు నెలలు పట్టింది గది దొరకడానికి. పింఛను దరఖాస్తు ఇంకా నడుస్తూనే ఉంది. అంతా బాగైపోయిందని మేం చెప్పం. కానీ ఇప్పుడు నాలుగింటి పనికి నాలుగింటికే వస్తున్నాడు. ఒక రోజు పది నిమిషాలు లేటయ్యాడు కూడా. మాకెంత సంతోషం వేసిందో చెప్పలేం.

ఇక రెండో సంగతి. ఇది మన ఇళ్లలోది. మన సంఘంలోనే ఒక అక్క ఉంది. కొడుకు ఏం చేస్తున్నాడని అడిగితే "నార్త్ కరొలినాలో ఉద్యోగం" అని రెండేళ్లు చెప్పింది. ఆర్మీలో చేరాడని చెప్పుకోవడానికి మొహమాటం. "అదేంటి, ఇంజనీరింగ్ చదవలేదా?" అంటామని భయం. తప్పు మనదే. ఒక రాత్రి ఆవిడ భర్తకి గుండెపోటు వచ్చింది. కొడుక్కి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. శిక్షణలో భాగంగా ఎక్కడో అడవిలో ఉన్నాడు. ఆస్పత్రి వరండాలో ఆవిడ ఒక్కతే. రాత్రంతా ఫోన్ చేస్తూనే ఉంది.

పొద్దున పక్కింటి ముసలాయన చూడ్డానికి వచ్చాడు. వియత్నాం యుద్ధంలో పనిచేసినాయన. సంగతి విని, "అమ్మా, అతని ఫోన్‌కి కాదు, రెడ్ క్రాస్‌కి చేయాలి" అన్నాడు. ఆ నంబరు 877-272-7337. రాత్రీ పగలూ ఉంటారు. సైనికుడి పూర్తి పేరు, పుట్టిన తేదీ లేదా సోషల్ సెక్యూరిటీ నంబరు, హోదా, యూనిట్ చిరునామా చెప్తే, వాళ్లు ఆస్పత్రితో మాట్లాడి నిజమని నిర్ధారించుకుని, నేరుగా పై అధికారికి కబురు చేరుస్తారు. సెలవు ఇవ్వాలా వద్దా అన్నది ఆ అధికారి నిర్ణయం. కానీ కబురు మాత్రం అందుతుంది. మర్నాడు రాత్రికి కుర్రాడు ఇంట్లో ఉన్నాడు. బావగారు కూడా దేవుడి దయవల్ల కోలుకున్నారు, ఇదిగో మూడో వరసలో కూర్చున్నారు.

చూశారా? ఒకచోట మేం ఒక మాజీ సైనికుడికి తోడు వెళ్లాం. ఇంకోచోట ఒక మాజీ సైనికుడు మన ఆడపడుచుకి తోడొచ్చాడు. ఎవరు ఎవరికి సాయం చేశారని లెక్క తేల్చలేం. కమ్యూనిటీ పార్ట్‌నర్‌షిప్ అని వాళ్లు పెద్ద మాట వాడతారు. మన భాషలో అది ఇరుగుపొరుగే.

మా గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అంటే చాలు, ఎవరైనా చెప్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. అక్కడ సెలవుకి వచ్చిన సైనికుడి ఇల్లు ఎలా ఉంటుందో, రాని సైనికుడి ఇల్లు ఎలా ఉంటుందో పక్కింటివాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లింట్లోనూ ఒకడు ఉంటాడు కాబట్టి. ఇక్కడ అలా కాదు. యుద్ధం నుంచి వచ్చినవాడి పక్కింట్లో సైన్యమంటే ఏంటో తెలియనివాళ్లు ఉంటారు. అందుకే అక్కడ ఊరు తనంతట తాను చేసే పనిని ఇక్కడ కమిటీలు కట్టి చేయాల్సొస్తోంది.

ఇది వట్టి ఆదరణ సంగతి కాదు, ప్రాణం సంగతి. ఈ దేశంలో 2022లో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారని వీఏ లెక్క. రోజుకు 17 మందికి పైగా. వాళ్లలో సగం కంటే ఎక్కువ మంది ఆ మధ్యకాలంలో వీఏ వైద్యానికి వెళ్లనివాళ్లే. అంటే ఆస్పత్రి గోడల బయట ఉన్నవాళ్లే ముందు చూడగలరు. అంటే సైట్లో పక్కన నిలబడ్డ మనం. మన కట్టడాల పనిలోనూ ఆత్మహత్యలు ఎక్కువేనని అందరికీ తెలుసు. 988కి చేసి, తర్వాత 1 నొక్కితే మాజీ సైనికుల లైన్. మనిషి వీఏలో నమోదు కాకపోయినా మాట్లాడతారు. అతని గురించి కంగారుపడుతున్న మీరు చేసినా మాట్లాడతారు.

ఇంకొక పాత సంగతి చెప్పి ముగిస్తాం. 1918లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ అమెరికా సైన్యంలో చేరి, గౌరవంగా విడుదలయ్యాడు. పౌరసత్వం ఇచ్చారు, నాలుగు రోజుల్లో తీసేశారు. మళ్లీ ఇచ్చారు, 1923లో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కాదని చెప్పి మళ్లీ పోగొట్టింది. చివరికి 1935లో, మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ఆసియావాళ్లకి పౌరసత్వం ఇవ్వాలని చట్టం వచ్చింది. దాని కోసం తిరిగింది ఒక జపనీస్ మాజీ సైనికుడు, వెనక నిలబడింది అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ. ఆ చట్టం వల్లే మర్నాటి ఏడాది థిండ్‌కి పౌరసత్వం నిలిచింది. మనవాళ్ల కోసం ఈ దేశపు మాజీ సైనికులు ఒకసారి నిలబడ్డారు. ఆ బాకీ మనమీద ఉంది.

అందుకని సంఘానికి మా విన్నపం నాలుగు మాటలు. ఒకటి, ప్రతి ఏరియాకీ ఒక మనిషిని పెట్టుకుందాం. ఆ మనిషి ఫారాలు నింపక్కర్లేదు, ఎవరు నింపుతారో తెలిసి ఉండి, అక్కడి దాకా తోడు వెళ్తే చాలు. రెండు, కౌంటీ సేవాధికారిని మన ఉగాది సభకి పిలుద్దాం. పులిహోర పెడదాం, వాళ్ల మాట విందాం. మూడు, మన పనుల్లోకి మాజీ సైనికుల్ని తీసుకుందాం. హెల్మెట్స్ టు హార్డ్‌హాట్స్ అని 2003 నుంచి నడుస్తున్న కార్యక్రమం వాళ్లని కట్టడాల పని అప్రెంటిస్‌షిప్‌లకి చేరుస్తుంది. జీఐ బిల్ ఉన్నవాడికి, గుర్తింపు ఉన్న అప్రెంటిస్‌షిప్‌లో జీతంతో పాటు ఇంటి భత్యం కూడా వస్తుంది. మొదటి ఆరు నెలలు పూర్తిగా, తర్వాత ప్రతి ఆరు నెలలకీ కొంచెం తగ్గుతూ. చాలామందికి ఈ సంగతి తెలియదు. నాలుగు, మన పిల్లలు సైన్యంలో ఉంటే దాచొద్దు. వాళ్ల యూనిట్ చిరునామా ఫ్రిజ్ మీద అంటించండి. యూనిట్‌కి కుటుంబాల గ్రూపు ఉంటుంది, అందులో తల్లిదండ్రులూ చేరొచ్చు.

పోయిన వారం మా కార్పెంటర్‌ని అడిగాం, మా మీటింగులో మీ గురించి చెప్పొచ్చా అని. పేరు చెప్పొద్దన్నాడు. కాసేపాగి, "మీ వాళ్లలో ఎవరికైనా ఆ ఆఫీసుకి తోడు కావాలంటే నన్ను పిలవండి. నాకు దారి తెలుసు" అన్నాడు.

ఆయన నంబరు మా దగ్గర ఉంది. అడిగినవాళ్లకి ఇస్తాం.