గుర్రం కాలికి చిన్న దెబ్బే కదా అని దాచొద్దు

మొన్న శుక్రవారం వఫ్రాలో మాట్లాడింది, రాలేకపోయినవాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాను.

నేను బిల్డింగ్ పని సూపర్‌వైజర్ని, గుర్రాల డాక్టర్ని కాదు. కానీ ఇక్కడి మజ్రాల్లో షెడ్లు కట్టిస్తూ, గుర్రాలు చూసుకునే మన కడప, రాయచోటి, గోదావరి తమ్ముళ్ల దగ్గర చాలా విన్నాను. చాలామంది భయం ఒకటే: కాలు గీసుకుపోతే కఫీల్ జీతం కోస్తాడేమో అని. ఆ భయంతో దాస్తారు. దాస్తేనే అసలు ప్రమాదం.

ఎండ్యూరెన్స్ పందెం 40 నుంచి 160 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యమధ్యలో డాక్టర్లు ఆపి గుండె వేగం చూస్తారు, నడిపించి చూస్తారు. కుంటితే పక్కన పెట్టేస్తారు. అక్కడ ఏదీ దాగదు. ఇంకో మాట. తయారీలో గుండె, కండ తొందరగా గట్టిపడతాయి. మోకాలి కింద తాడులా తగిలే నరాలకు, ఎముకలకు నెలలు పడుతుంది. గుర్రం హుషారుగా ఉంది కదా అని కాలు సిద్ధంగా ఉన్నట్టు కాదు. లోతు ఇసుకలో పరిగెత్తిస్తే నరాల మీద ఇంకా భారం.

రోజూ పనికి తీసేముందు, తిరిగొచ్చాక నాలుగు కాళ్లూ చేత్తో తడమండి. ఒక కాలిని ఇంకో కాలితో పోల్చి వేడి, వాపు ఉందేమో చూడండి. గిట్ట ఎత్తి రాయి ఇరుక్కుందేమో చూడండి.

చిన్న గీత అయితే సెలైన్‌తో గానీ శుభ్రమైన నీళ్లతో గానీ కడగండి. పసుపు, కాఫీపొడి, ఘాటు మందులు వద్దు. వాపుంటే పని ఆపి, రోజుకు రెండు మూడుసార్లు పదిహేను ఇరవై నిమిషాలు చల్లనీళ్లు పోయండి. ఎండాకాలం పైపు నీళ్లు కాగిపోయి ఉంటాయి, బకెట్లో ఐసు వేసుకోండి.

కాలు మోపకపోయినా, కీలు దగ్గర గాటు పడినా, గాయంలోంచి జిగట నీరు కారినా, జ్వరం 38.5 డిగ్రీలు దాటినా వెంటనే డాక్టర్ని పిలిపించండి. ధనుర్వాతం టీకా సంగతి అడగండి. గిట్టలో మేకు దిగితే మీరు పీకొద్దు, ఎంత లోతుకు పోయిందో డాక్టరే చూడాలి.

నొప్పి మందు మీ అంతట మీరు ఇవ్వొద్దు. నొప్పి తెలియక గుర్రం అదే కాలితో పరిగెత్తి నరం పాడుచేసుకుంటుంది. పందెంలో మందు పరీక్ష కూడా ఉంటుంది. మళ్లీ పని మొదలుపెట్టడం డాక్టర్ చెప్పాకే. ముందు గట్టి నేల మీద పగ్గం పట్టుకుని నడిపించండి. వేడి తిరిగొస్తే ఆపేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, చూసిన వెంటనే ఫోటో తీసి కఫీల్‌కు పంపండి, వాయిస్ పెట్టండి. అరబీలో రిజల్ అంటే కాలు, వరమ్ అంటే వాపు, జరహ్ అంటే గాయం. ఈ మూడు మాటలు చాలు. ఆ మెసేజ్ చెరపొద్దు. రేపు తప్పు మీ మీదకు నెట్టినా, జీతం కోసినా, ఎంబసీకి పోయినా మీ చేతిలో ఉండే రుజువు అదే.

మీ కాళ్లు కూడా జాగ్రత్త తమ్ముళ్లూ. గుర్రం వెనక నిలబడొద్దు, భుజం పక్కన ఉండండి. చెప్పులతో షెడ్డులోకి పోవద్దు, బూట్లు వేసుకోండి. గుర్రాల దగ్గర పనిచేసే మనవాళ్లకు ఇది పంపండి.