మన గోడ పక్కన వాక్కాయ చెట్టు

 

ఈ రోజు మీతో ఒక చెట్టు గురించి మాట్లాడదామని వచ్చాను. పెద్ద చెట్టు కాదు. ముళ్ల పొద. కాయ చిన్నది, పులుపు పెద్దది. ఆ చెట్టు మన కేంద్రం గోడ పక్కన ఎట్లా వచ్చిందో ముందు చెప్తాను. ఎట్లా పెంచుకోవాలో తర్వాత చెప్తాను.

ఇది మూడేళ్ల కిందటి మాట. మన మౌలాలి చదువు కేంద్రానికి ఒక అక్క వస్తుంది. పేరు చెప్పను. కాలనీలో నాలుగు ఇళ్లలో పని చేస్తుంది. ఒక సాయంత్రం ఆమె కొంగు ముడి విప్పి చిన్న పొట్లం నా ముందు పెట్టింది. అందులో ఎండిన ఎర్రటి పండ్లు ఉన్నాయి. కిస్మిస్ అంత ఉన్నాయి.

"టీచరమ్మా, ఇవి ఏం పండ్లు? మా మేడమ్ రోజూ నానబెట్టుకొని తింటది. తింటే రక్తం పడ్తదంట. మా బిడ్డకు రక్తం తక్కువున్నదని డాక్టరమ్మ చెప్పింది. వీటిని పెరట్ల పెడ్తే మొలుస్తయా?" అని అడిగింది.

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. మర్నాడు ఆమె ఖాళీ ప్యాకెట్టు కూడా తెచ్చింది. దాని మీద అక్షరాలన్నీ ఇంగ్లీషువి. కానీ అంకెలు ఆమె తనంతట తానే చదివింది. "200 గ్రాములు. 450 రూపాయలు." చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నది. "ఒక ఇంటి పైసలు దీనికే పెడ్తా. బిడ్డ మంచిగైతే చాలు."

ఆ మాట విని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గోజీ అంటే ఏమిటి?

ఆ పండు పేరు గోజీ. చైనా దేశపు పండు. ఆ దేశంలో నింగ్‌షియా అనే ప్రాంతంలో ఎక్కువగా పండిస్తారు. వంకాయ, టమాట, మిరప ఉన్న కుటుంబంలోదే ఈ చెట్టు కూడా. కొమ్మలకు ముళ్లు ఉంటాయి. ఊదా రంగు పూలు పూస్తుంది. అక్కడివాళ్లు ఈ పండును చారులో వేస్తారు, చాయ్‌లో వేస్తారు. లేత ఆకును కూర వండుకుంటారు. అంటే అది వాళ్ల పెరటి చెట్టు. మనకు మునగ ఎట్లాగో, వాళ్లకు గోజీ అట్లా.

పండు మంచిదే. చెడ్డదని నేను అనను. కానీ అది మందు కాదు. ఇంకో మాట కూడా గుర్తు పెట్టుకోండి. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా గోజీ తినకూడదు.

మరి ఇక్కడ మొలుస్తుందా? నేనే చేసి చూశాను. నాలుగు పండ్లు నానబెట్టి, లోపలి సన్నని గింజలు తీసి కుండీలో చల్లాను. రెండు వారాల్లో మొలకలు వచ్చాయి. నాకు భలే సంతోషమైంది. ఏప్రిల్ వచ్చింది. మన గుట్ట రాళ్లు కాలే ఎండలు మీకు తెలిసినవే. మొలకలు ఒక్కొక్కటే వాలిపోయాయి. చివరికి ఒక్కటి కూడా మిగల్లేదు. చలికాలంలో మంచు పడే చోట ఆకు రాల్చి నిద్రపోయే చెట్టు అది. ఇక్కడ ఎవరి దగ్గరా పెరగదని అనను. నా దగ్గర మాత్రం నిలవలేదు.

మన దగ్గర లేదా?

అప్పుడు నేను క్లాసులో అందరినీ ఒక ప్రశ్న అడిగాను. "ముళ్లు ఉండాలి. ఎర్ర కాయ కాయాలి. ఎండకు తట్టుకోవాలి. రాళ్ల నేలలో బతకాలి. అట్లాంటి చెట్టు మన దగ్గర ఉందా?"

సిద్దిపేట వైపు నుంచి వచ్చిన అవ్వ ముందు మాట్లాడింది. "ఎందుకు లేదు బిడ్డా! కలే పండ్లు. చిన్నప్పుడు గుట్టల పొంటి తిరిగి ఏరుకొని తిన్నం. నోరంతా నల్లగయ్యేది."

ఒక ఆపా నవ్వింది. "అరే, అది కరోందా! మా అమ్మీ మటన్‌లో వేసేది" అన్నది.

"అయ్యో, అది మా వాక్కాయ. పప్పులో వేస్తాం" అన్నది విజయవాడ నుంచి వచ్చిన ఇంకో అక్క.

చూశారా! మూడు పేర్లు, కాయ ఒక్కటే. కడప వైపు దీన్ని కలివి అంటారు. ఆ పొదల్లో తిరిగే పక్షికి కలివికోడి అని పేరు. ఇక లేదు, అంతరించిపోయింది అనుకున్న ఆ పక్షి 1986లో కడప అడవుల్లో మళ్లీ కనిపించింది. అంత పాత చుట్టం మనకు ఈ పొద.

ఇంకో వింత చెప్తాను. కేకు మీద పెట్టే ఎర్రటి చెర్రీ పండు మీరు చూసే ఉంటారు. చాలాసార్లు అది చెర్రీ కాదు. మన వాక్కాయే! గింజ తీసి, రంగు వేసి, చక్కెర పాకంలో నానబెడతారు. మన గుట్ట కాయ పేరు మార్చుకొని అద్దాల బీరువాలో కూర్చుంటుంది.

ఎట్లా పెంచాలి?

వాక్కాయకు మంచి నేల అక్కర లేదు. మొరం నేలైనా, రాళ్ల నేలైనా బతుకుతుంది. నీళ్లు నిలిచే చోట మాత్రం వద్దు. వేరు కుళ్లిపోతుంది. ఎండ బాగా తగలాలి.

గింజ నుంచి పెంచాలంటే బాగా పండిన కాయ తీసుకోవాలి. పండితే రంగు నల్లగా మారుతుంది. గింజలు తీసి కడగాలి. నీడలో ఒక రోజు ఆరబెట్టాలి. వెంటనే విత్తాలి. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. నేను గింజలను కాగితంలో చుట్టి దాచాను. ఎండాకాలం అయ్యాక విత్తాను. ఒక్కటి కూడా మొలవలేదు. ఈ గింజ దాచుకునే గింజ కాదు.

మొలక మెల్లగా పెరుగుతుంది. ఏడాది దాకా కుండీలోనే ఉంచాలి. అంత ఓపిక లేకపోతే నర్సరీలో మొక్క కొనుక్కోవచ్చు. మేము అదే చేశాం. తలా కొంత వేసుకొని నాలుగు మొక్కలు తెచ్చాం.

జూన్‌లో వానలకు ముందే గుంత తవ్వాలి. రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు చాలు. తీసిన మట్టిలో రెండు గంపల మాగిన పెంట ఎరువు కలిపి నింపాలి. నాలుగు వానలు పడ్డాక మొక్క నాటాలి. కంచెలాగా కావాలంటే మూడడుగులకు ఒక మొక్క పెట్టాలి. పెరిగాక మేక కూడా లోపలికి దూరదు.

మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు పొయ్యాలి. నల్లా నీళ్లే కావాలని లేదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు పొయ్యండి. సబ్బు నీళ్లు వద్దు. వేరు కుదురుకున్నాక అది పెద్దగా నీళ్లు అడగదు.

ఎండాకాలం మొదట్లో తెల్లటి పూలు వస్తాయి. మల్లెపూల లాంటి వాసన వస్తుంది. వానాకాలంలో కాయ కోతకు వస్తుంది. మూడో ఏడు నుంచి కాపు మొదలవుతుంది. బాగా పెరిగిన చెట్టు మూడు నుంచి అయిదు కిలోల దాకా కాస్తుంది.

"మాకు పెరడు ఎక్కడిది టీచరమ్మా? ఒక్క అర్రల ఆరుగురం ఉంటం" అని మీరు అడగవచ్చు. నిజమే. పెద్ద గోలెంలో గానీ, అడుగున చిల్లులు పెట్టిన డ్రమ్ములో గానీ పెంచవచ్చు. కొమ్మలు కత్తిరిస్తూ ఉండాలి. కాయ తక్కువగా వస్తుంది. అందుకే మేము నలుగురి చోటు చూశాం. కేంద్రం గోడ పక్కన నాటాం. నీళ్లకు వంతులు వేసుకున్నాం. వంతుల కాగితం గోడకు అంటించాం. ఎవరి పేరు వాళ్లే రాశారు. నాలుగు మొక్కల్లో మూడు బతికాయి.

జాగ్రత్తలు

ముళ్లు పదునుగా ఉంటాయి. చిన్నపిల్లలు ఆడే దారి పక్కన నాటకండి. కాయ కోస్తే తెల్లటి పాలు కారతాయి. చేతికి జిగురు అంటుతుంది. ముందే కొంచెం నూనె రాసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. వాక్కాయ, గన్నేరు ఒక్క కుటుంబం చెట్లు. రెండింటికీ పాలు వస్తాయి. కానీ గన్నేరు విషం. పచ్చగన్నేరు కాయ తింటే ప్రాణం పోవచ్చు. కాబట్టి తెలియని చెట్టు కాయ నోట్లో పెట్టొద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఎట్లా తినాలి?

పచ్చి కాయను రెండు ముక్కలు చేసి గింజలు తియ్యాలి. చింతపండుకు బదులు పప్పులో వేసుకోవచ్చు. పచ్చిమిర్చి, ఉప్పు, ఎల్లిపాయ వేసి తొక్కు నూరుకోవచ్చు. పులిహోర కలుపుకోవచ్చు. ఉడికిస్తే సి విటమిన్ కొంత పోతుంది. కాబట్టి పచ్చి తొక్కు మేలు.

పులుపుకూ రక్తానికీ సంబంధం ఏమిటి? తోటకూరలో, పప్పులో, రాగుల్లో ఇనుము ఉంటుంది. రక్తానికి ఇనుము కావాలి. కానీ ఆకుకూరలోని ఇనుము ఒంటికి అంత తొందరగా పట్టదు. పక్కన సి విటమిన్ ఉంటే బాగా పడుతుంది. వాక్కాయలో సి విటమిన్ ఉంది. నిమ్మలో ఉంది. జామలో, ఉసిరిలో ఇంకా చాలా ఎక్కువ ఉంది. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే మాత్రం ఇనుము ఒంటికి సరిగా పట్టదు. చాయ్‌కీ అన్నానికీ గంట ఎడం ఉండాలి.

మనకు దగ్గరలోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఏ గింజలో ఏముంది, ఏ ఆకులో ఏముంది అని పరీక్ష చేసి లెక్క కట్టింది ఆ సంస్థే. ఆకుకూరలు, పప్పులు, పండ్లు రోజూ తినమని చెప్తున్నది వాళ్లే.

ఆ పిల్లకు ఏమైంది?

ఇప్పుడు ఆ అక్క బిడ్డ సంగతి చెప్తాను. నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. పరీక్ష చీటీ చూశాను. రక్తం 9 ఉంది. ఆ వయసు పిల్లకు 12 ఉండాలి. "డాక్టరమ్మ మాత్రలు ఇయ్యలేదా?" అని అడిగాను. పిల్ల తల దించుకుంది. తర్వాత పరుపు కింద నుంచి మాత్రలు తీసింది. ఒక్కటీ వేసుకోలేదు.

"వేసుకుంటే కడుపుల తిప్పుతది. దొడ్డికి నల్లగైతది. నాకు భయమేసింది" అని ఏడ్చింది.

నలభై రోజులుగా తల్లికి చెప్పలేదు. తల్లేమో పైసలు కూడబెట్టి చైనా పండు కొనాలని చూస్తున్నది. మందు పరుపు కిందనే ఉంది!

ముగ్గురం బస్తీ దవాఖానాకు వెళ్లాం. అక్కడి సిస్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "ఇనుము మాత్ర వేసుకుంటే నల్లగ పోతది. అది రోగం కాదు, భయపడొద్దు. తిన్నంక వేసుకో. నిమ్మకాయ నీళ్లు తాగు. చాయ్‌తోని మాత్రం వేసుకోకు." మాత్రలకు పైసా తీసుకోలేదు.

మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేశారు. ఆ చీటీ ఆ అక్కే నాకు చదివి వినిపించింది. "11" అన్నది. తర్వాత తానే లెక్క చెప్పింది. "ఇంక ఒక్కటి కావాలె."

ఆ పిల్లను వాక్కాయ బాగు చేసిందని నేను చెప్పను. చెట్టు అప్పటికి మూరెడే ఉంది. బాగు చేసింది మాత్ర, తిండి, భయం పోవడం. వాక్కాయ మందు కాదు. గోజీ కూడా మందు కాదు. చెట్టు కంచానికి తోడు. దవాఖానాకు బదులు కాదు.

అక్కలారా, ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019–21లో దేశమంతా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిన మాట వినండి. మన తెలంగాణలో ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువ మందికి రక్తం తక్కువే. ఇక్కడ ఇద్దరం కూర్చుంటే అందులో ఒకరికి ఉన్నట్టే. అలసటను మనం అలవాటు అనుకుంటాం. పరీక్ష చేయించుకోం.

మొన్న వానాకాలం మన గోడ పక్కన చెట్టు మొదటిసారి కాసింది. అందరికీ గుప్పెడు గుప్పెడు వచ్చాయి. ఆ అక్క తన వంతు తీసుకొని తొక్కు నూరి తెచ్చింది. బిడ్డ కూడా వచ్చింది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది. నల్లగా పండిన కాయలు నాలుగు ఏరి, గింజలు తీసి, అప్పటికప్పుడే కుండీలో విత్తింది. దాచలేదు.

దూరపు పండు మంచిదే కావచ్చు. ముందు మన నేలను అడుగుదాం. మన పెద్దవాళ్లను అడుగుదాం. ప్యాకెట్టు మీది అంకె మనమే చదువుదాం. దవాఖానా చీటీ మీది అంకె కూడా మనమే చదువుదాం.

సెలవు.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊరిలో వాక్కాయను ఏమంటారు? దానితో ఏం వండుతారు?
2. మీ ఇంటి దగ్గర నలుగురు కలిసి మొక్క పెట్టే చోటు ఉందా? నీళ్లు ఎవరెవరు పోస్తారు? వంతుల కాగితం రాయండి.
3. మీ ఇంట్లో ఎవరైనా భయపడి మాత్రలు మానేశారా? ఎందుకు మానేశారో అడగండి.
4. మీ రక్తం ఎంత ఉంది? పరీక్ష చేయించుకొని ఆ అంకె ఇక్కడ రాయండి: ...............