సందులో తీసే ఫోటో



ఊరికి పోయి వచ్చినవారు మన వేప్పనపల్లి ఫోటోలు చూపుతారు. గుడి బాగుంటుంది, అవ్వ కూర్చున్న సందు మాత్రం చెడుతుంది. పైన ఆకాశం సున్నం, కింద ముఖం బొగ్గు. నిరుడు నేను తీసినదీ అంతే.

తప్పు కెమేరాది కాదు, వేళది. మిట్టమధ్యాహ్నపు ఎండనూ నీడనూ మన కన్ను సర్దుకొంటుంది, కెమేరా సర్దుకోలేదు. 1868 మొదలు 1871 వరకు థామస్ అన్నన్ అనే ఆయన గ్లాస్గోలోని ఇరుకు సందులను, పాత ఇండ్లు కూలగొట్టకముందే, ఫోటోలు తీశాడు. ఆ మసక వెలుతురులో గాజుపలకకు చాలాసేపు వెలుగు పట్టవలసి వచ్చింది. కదిలినవారు పొగవలె మిగిలారు, కదలనివారే ముఖాలతో దక్కారు.

మనకంత తిప్పలు లేదు. ఎండ సందులోకి దిగకముందే తీయండి. ఆకాశాన్ని వీలైనంత తప్పించండి. అవ్వకెదురుగా తెల్లపంచె పట్టించండి. ఆ వెలుగు ముఖాన పడుతుంది, ఖర్చులేని దీపమది! ఫోనులోనైతే ముఖం మీద వేలు మోపి, ఫోనును గోడకానించి తీయండి. వెనుక వెలుగు కాస్త తెల్లబోతే పోనీయండి, మనకు కావలసింది అవ్వ.

మా అవ్వకు తొంభై దాటాయి. పక్కింటి పెంకులు అప్పుడే దించేశారట. పండుగ కాగానే పోతున్నాను. మీ పెద్దలెవరైనా అక్కడుంటే చెప్పండి, వారినీ తీసుకొని వస్తాను, ఫోటోలో.