ఊరి మ్యూజియంలో మనకూ ఒక పని



కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల్లో పొలం గట్ల మీదా చెరువు కట్టల పక్కనా నిలిపిన రాళ్ళను మీరు చూసే ఉంటారు. చేత విల్లో కత్తో పట్టుకున్న మనిషి బొమ్మ వాటి మీద చెక్కి ఉంటుంది. అవి వీరగల్లులు. దొంగలు తోలుకుపోయే పశువులను అడ్డుకొని ప్రాణం విడిచినవాడికి ఊరివాళ్ళు నిలిపిన గుర్తులు. కొన్నింటిని వేడియప్పన్ అని నేటికీ మొక్కుతారు. కొన్ని మాత్రం బట్టలుతికే బండలయ్యాయి. ఇలాంటి రాళ్ళు కొన్ని కృష్ణగిరి ప్రభుత్వ మ్యూజియంలోకి చేరాయి. ఏ ఊరి ఏ గట్టు మీద నుంచి వచ్చిందో తెలిస్తేనే అలాంటి రాయి మనతో మాట్లాడుతుంది. తెలియకపోతే అది ఒట్టి రాయే.

చిన్న మ్యూజియం అంటే ఎలా ఉంటుందో తెలిసిందే గదా. రెండు మూడు గదులు, ఒక క్యూరేటరు, ఒకరిద్దరు సిబ్బంది. బడి పిల్లలు యాభై మంది ఒక్కసారి వస్తే వాళ్ళను అదుపులో పెట్టడానికే ఆ సిబ్బంది చాలరు. అలాంటి చోట జీతం ఆశించకుండా వారానికి రెండు గంటలు ఇచ్చేవాళ్ళు దొరికితే ఎంతో పని సాగుతుంది. ప్రపంచ మ్యూజియం సంస్థల మండలి 2022లో మ్యూజియం నిర్వచనాన్ని సవరించినప్పుడు, సమాజాలు పాలుపంచుకోవడం అనే మాటను కూడా అందులో చేర్చింది.

అయితే ఈ సేవ అనగానే మనవాళ్ళు చీపురు పట్టుకోవడం అనుకుంటారు, లేదా ఇంగ్లీషులో గైడుగా మాట్లాడటం అనుకుంటారు. ఈ రెండూ రానివాళ్ళ పనే నిజానికి ఎక్కువ ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక చిన్న మ్యూజియంలో ఒక మూల ఇనుప బానా, దానికి తోలు గొట్టం లాంటిదీ ఉన్నాయి. కింద చీటీ మీద 'నీళ్ళు తోడే పాత్ర' అని రాశారు. తప్పు కాదు, కానీ అది చెప్పినట్టూ కాదు. అక్కడికి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని చూడగానే, "ఇది కపిల గదప్పా! తొండం ఇదిగో. మరి తాళ్ళేవి?" అన్నాడు. రెండు తాళ్ళుండాలట. మోకు పైన ఉన్న పెద్ద గిలక మీద పోతుంది, తొండపు తాడు కింద దొర్లే కొయ్య మీద పోతుంది. ఎడ్లు వాలు బాటలో దిగుతుంటే బాన పైకి లేస్తుంది. తొండం మూతి మాత్రం కింది కొయ్య దగ్గరే ఆగి ముందుకు సాగుతుంది. నీళ్ళు వాటంతట అవే కాలువలో పడతాయి, ఎవరూ వంచనక్కరలేదు. ఆయన పదిహేను నిమిషాలు చెప్పిందంతా ఒక కుర్రవాడు రాసుకున్నాడు. కరెంటు మోటార్లు వచ్చి కపిలలు మూలబడ్డాక పుట్టినవాళ్ళకు ఈ పేర్లు తెలిసే దారి లేదు. వయసులో ఉండగా కపిల తోలినవాళ్ళు ఇప్పుడు డెబ్బై దాటినవాళ్ళు. ఈ పనిని వాయిదా వేయడానికి వీల్లేదు.

ఇక రెండోది, మన లిపి. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠ్యభాగమైంది. తమిళం నేర్వడం మంచిదే, బతికే చోటి భాష అది. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే మన మనవలు చాలామందికి తెలుగు అక్షరం రాదు. అటకల మీది తాటాకు కట్టలూ, కరణాల లెక్కల కాగితాలూ చదివేదెవరు? తాటాకు రాతలో మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. కరణాల గొలుసుకట్టు రాత అలవాటు లేనివాడికి పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. లెక్కల్లో వీసం గుర్తు వస్తే అది పదహారో వంతు అని తెలియాలి. మీలో ఎవరైనా నాయన దగ్గరో తాత దగ్గరో ఈ రాత నేర్చుకొని ఉంటే, మ్యూజియానికి మీకన్నా కావలసినవారు లేరు. తంజావూరు సరస్వతీ మహల్ వంటి పెద్ద చోట పండితులు పరిష్కరించి అచ్చువేస్తారు. చిన్న మ్యూజియంలో ఆ కట్ట దేని గురించో రెండు వాక్యాలు చెప్పగలిగినా చాలు.

చదవడం వచ్చినంత మాత్రాన ఆకు మీద చేయి వేయకూడదు సుమా. అక్షరాలు మసకబారితే నూనె రాయడం, మసి పూయడం నిపుణులు చేసే పని. మనం చేసేది చూడటం, చెప్పడం, రాయించడం.

ఈ మాట ఎందుకంటున్నానంటే నేనూ ఒక తప్పు చేశాను. ఒక చోట పాత ఇత్తడి దీపపు సెమ్మె నల్లబడి ఉందని ఇంటి నుంచి చింతపండు తెచ్చి తళతళలాడేటట్టు తోమాను. అందరూ మెచ్చుకున్నారు. తరువాత చూస్తే అడుగున ఉన్న దాత పేరులో రెండక్షరాలు అరిగిపోయాయి. ఆ నల్లటి పొర వస్తువుకు రక్షణ అనీ, దాని వయసుకు సాక్ష్యమనీ అప్పుడు తెలిసింది. వీరగల్లు మీద నూనె పోయడమూ ఇంతే. ఊళ్ళో పూజలో ఉన్న రాయి సంగతి వేరు, అది ఊరివాళ్ళ ఇష్టం.

రిజిస్టరు పని చాలామందికి విసుగు. కానీ అదే మ్యూజియానికి వెన్నెముక. వస్తువు రాగానే నంబరు, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, కొలతలు, ఏ స్థితిలో ఉంది, ఇవన్నీ ఆ రోజే రాయాలి. నంబరును కనిపించే ముఖం మీద కాకుండా అడుగున వేస్తారు. అదీ నేరుగా కాదు, పారదర్శకమైన వార్నిష్ పూత వేసి దాని మీద. చక్కటి చేవ్రాత ఉన్న రిటైరైన పంతుళ్ళు ఎందరో మనలో ఉన్నారు.

మన ఇంటి వస్తువులు ఇవ్వాలనుకునేవారికి ఒక మాట. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన శిల్పాలు, నాణేలు వంటివి పురావస్తువుల కిందికి వస్తాయి. చారిత్రక, సాహిత్య విలువ గల రాతప్రతులకు డెబ్బై అయిదేళ్ళే చాలు. పొలం దున్నుతుంటే నిధి లాంటిది బయటపడి, దాని విలువ పది రూపాయలు దాటితే 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. మ్యూజియానికి ఏదిచ్చినా దానమా, ఎరువా అన్నది రాయించుకొని రసీదు తీసుకోండి. నోటిమాటగా ఇచ్చినవాటి గురించి పిల్లల కాలంలో తగవులు వస్తాయి.

మీ దగ్గరి మ్యూజియానికి వెళ్ళి క్యూరేటరుగారిని కలిసి, మీకు వచ్చినది ఏదో చెప్పండి. వెంటనే పని అప్పగించకపోవచ్చు, నొచ్చుకోకండి. తాటాకుల దగ్గరా పాత కాగితాల దగ్గరా సిరా చుక్క పడితే పోదు కాబట్టి పెన్ను ఇంట్లోనే పెట్టి, ఒక పెన్సిలు తీసుకువెళ్ళండి.