తీరము వెంట ఓడ ప్రయాణము: ఆశింపదగినది, ఆశింపరానిది

(వర్తూరు తెలుగువారి ఆదివారపు సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మనలో నాలుగైదు కుటుంబములవారు ఓడ ప్రయాణము చేయ సంకల్పించి, వృద్ధులైన తల్లిదండ్రులను గూడ వెంట గొనిపోవలెనని తలచుచున్నారు. "టిక్కెట్టు చవకగా దొరకుచున్నది, పోవచ్చునా?" అని నన్నడిగిరి. ఉద్యోగకాలమున కొన్ని సంవత్సరములు ఓడలపై గడిపినవాడను గనుక, నాకు తెలిసినంత చెప్పెదను.

మన వర్తూరు చెరువు నీరు దక్షిణ పినాకినిలో గలిసి, తమిళదేశము మీదుగా ప్రవహించి, కడలూరు చెంత బంగాళాఖాతమును చేరుచున్నది. మన చెరువునకు సముద్రముతో ఇంత సంబంధమున్నను, తాతల నాటి నుండి ఇచ్చటనే స్థిరపడిన మనలో పెక్కురకు సముద్రముతో పరిచయము లేదు. తెలియని చోటికి పోవుటకు ముందు అడిగి తెలిసికొనుట పిరికితనము గాదు, వివేకము.

మొదట, ఆ టిక్కెట్టు ఎందులకు చవకయో తెలిసికొనవలెను. విహారనౌక సంవత్సరమంతయు ఒకే రేవును పట్టుకొని యుండదు. జూన్ మాసారంభమున నైఋతి ఋతుపవనము రాగానే అరేబియా సముద్రము అల్లకల్లోల మగును. పడమటి కనుమల చాటున నున్న తూర్పు తీరమున ఆ నెలలలో వానలు తక్కువ. అందుచేత ముంబయి నుండి తిరుగు ఓడ చెన్నైకి తరలివచ్చును. 'ఎంప్రెస్' అను ఓడ ఇట్లే తరలి, 2022 జూన్‌లో చెన్నై నుండి ప్రయాణములు ప్రారంభించి, ఆ నెల 8వ తేదీన విశాఖపట్టణము చేరినది. 2023లో అదే ఋతువున చెన్నై నుండి శ్రీలంక రేవులకు పోయినది. అక్టోబరు వచ్చునప్పటికి తూర్పు తీరమునకు తుపానుల భయము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎట్లు ఛిన్నాభిన్నము చేసినదో మనమెరుగుదుము. కనుక ఓడ మరల పడమటికి మరలును.

ఇట్లు ఒక స్థానము నుండి మరియొక స్థానమునకు ఓడ తరలు ప్రయాణమునందు, ఖాళీగా పోవుటకంటె తక్కువ ధరకైనను ప్రయాణికులను ఎక్కించుకొనుట యజమానులకు లాభము. చవకదనము వెనుక నున్న రహస్యమింతియే. ఓడ తన పని మీద తాను పోవుచున్నది. మనము దాని వెంట పోవుచున్నాము. ఈ యొక్క మాట మనసున నుంచుకొన్నచో తక్కిన విషయములన్నియు తేటపడును.

తీరము వెంట ప్రయాణమనగా కిటికీలో నుండి ఊళ్లను చూచుచు పోవు రైలు ప్రయాణము వంటిదని తలపకుడు. పెద్ద ఓడ లోతు నీటిని వెదకుకొని దూరముగా పోవును. ముంబయి నుండి చెన్నైకి వచ్చు ఓడ రామసేతువు వద్ద నీరు లోతు చాలక, శ్రీలంకను చుట్టి రావలెను. పగళ్లకు పగళ్లు నీరును ఆకాశమును తప్ప వేరొకటి కనబడదు. రేవులు తక్కువ, సముద్రపు దినములు ఎక్కువ. పుస్తకము, సంభాషణ, నిద్ర, మౌనము ఇష్టమైనవారికి ఇది భాగ్యము. పూటకొక క్షేత్రము చూడగోరువారికి ఇది శిక్ష.

రెండవది: రేవును నమ్మి ముఖ్యమైన కార్యమేదియు పెట్టుకొనరాదు. ఒక ప్రయాణమున నేను కన్నులార చూచిన సంగతి చెప్పెదను. ఒక వృద్ధమాత, మూడేండ్లుగా చూడని కుమారుని రేవులో కలిసికొందునని వేకువనే పట్టుచీర గట్టి డెక్కు మీద నిలిచినది. ఆ కుమారుడు అన్నము గట్టుకొని ఒడ్డున వేచియున్నాడు. ఆనాడు అలలు మిక్కుటముగా నుండుటచే, లోనికి పోవుట క్షేమము గాదని కెప్టెన్ నిశ్చయించి ఓడను మరల్చెను. "బాబూ, ఊరు కనబడుచున్నది గదా, ఒక్క గంట ఆపరాదా?" అని ఆమె నన్నడిగెను. నేనేమి చెప్పగలను? కెప్టెన్ చేసినది ధర్మమే. వేలమంది ప్రాణములు ఆయన చేతిలో నున్నవి. కాని ఆ తల్లి ముఖము నేటికిని నా కన్నులయెదుట నున్నది. బంధువులను చూడదలచినవారు రైలులో పోవుడు. సముద్రమును చూడదలచినవారు ఓడ యెక్కుడు.

మూడవది, వ్యయము. ఇట్టి ప్రయాణము తరచుగా ఒకవైపు ప్రయాణము. దిగిన ఊరి నుండి ఇంటికి వచ్చు ఖర్చు మనదే. ఓడ ఆలస్యము కావచ్చును గనుక, దిగిన దినముననే తిరుగు రైలునకు టిక్కెట్టు తీయకుడు. రేవు రుసుము, సేవకుల బహుమానము, ఒడ్డున విహారము, ఇంటర్నెట్టు మొదలగువానిలో ఏవి ధరలో చేరినవో, ఏవి చేరలేదో వ్రాతమూలముగా అడుగుడు. అన్నిటికంటె చవకైన గదికి కిటికీ యుండదు. చీకటిగదిలో ఊపిరాడనట్లు తోచువారు దానిని తీసికొనరాదు.

నాలుగవది, పెద్దల ఆరోగ్యము. ఓడపై వైద్యుడును చిన్న వైద్యశాలయు నుండును గాని, పట్టణపు ఆసుపత్రితో అది సమానము గాదు. గుండెజబ్బు గలవారు తమ వైద్యుని యనుమతి లేక బయలుదేరరాదు. మందులను పెట్టెలో వేసి కూలీల కప్పగింపక, చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. వారము దినములకు సరిపడ అదనముగా తీసికొనుడు. ఓడ నడుమభాగమున, క్రింది అంతస్తున ఊపు తక్కువ. వికారము తోచినపుడు గదిలో పడుకొనక, పైకి వచ్చి దిగంతరేఖను చూచుచు చల్లగాలి పీల్చవలెను. ప్రకటనలు సాధారణముగా ఆంగ్లమున నుండును. తెలుగు, కన్నడము తప్ప ఎరుగని పెద్దలకు ఒకరు ఎల్లవేళల తోడుండవలెను. ముఖ్యముగా బయలుదేరునపుడు జరుపు అపాయరక్షణ శిక్షణకు అందరును హాజరు కావలెను. 1912లో టైటానిక్, 2012లో కోస్టా కాంకోర్డియా నేర్పిన పాఠమది.

మన పిల్లలనేకులు అమెరికాలో నున్నారు గనుక ఇంకొక మాట. వేసవియంతయు అలాస్కాకు తిరిగిన ఓడలు సెప్టెంబరు, అక్టోబరు మాసములలో కాలిఫోర్నియా వైపు దిగివచ్చును. ఒక అమెరికా రేవున ఎక్కినవారిని, దూరపు విదేశీ రేవు నేదియు తాకకుండ, మరియొక అమెరికా రేవున దింపుటకు విదేశపు ఓడలకు అనుమతి లేదని అచ్చట 1886లో చట్టము చేసిరి. పెద్ద విహారనౌకలలో పెక్కు బహామాస్, పనామా వంటి దేశముల జెండాలతో తిరుగునవే. అందువలన ఇట్టి ప్రయాణములు తరచుగా కెనడాలోని వాంకూవరు నుండి బయలుదేరును. భారతీయులకు కెనడా వీసా వేరుగా కావలెను. అమెరికాలో మరల ప్రవేశించుటకు తగిన వీసాయు నుండవలెను. పిల్లలు టిక్కెట్టు కొనిరను సంతోషమున దీనిని మరచినచో, తల్లిదండ్రులు రేవు నుండియే వెనుకకు రావలసియుండును. చలి దుస్తులును మరువకుడు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పితినని భయపడకుడు. ఒకనాడు కోరంగి, కాకినాడ, విశాఖ, భీమునిపట్టణము రేవుల నుండి తెలుగువారు వేలకొలది రంగూనుకు పోయిరి. డెక్కు మీద చాపపరచుకొని, ఎండకు వానకు ఓర్చి, పొట్టకూటికై పోయిరి. బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అను పేరే నిలిచినది. వారు అవసరమున దాటిన సముద్రమును మనము తీరికగా చూడగలుగుట అదృష్టము.

రాత్రి దీపములు లేని చోట డెక్కు మీద నిలిచి నక్షత్రములను చూడుడు. తెల్లవారుజామున విశాఖ చేరునపుడు డాల్ఫిన్స్ నోస్ కొండ మెల్లగా నీటి నుండి లేచివచ్చుట చూడుడు. రేవు దొరికినచో ప్రసాదమనుకొనుడు. దొరకనిచో సముద్రమే దర్శనమనుకొనుడు. అట్లు తలచి పోగలవారు మీ పెద్దలను నిస్సంశయముగా గొనిపోవుడు. అట్లు తలపలేనివారు ఆ ధనముతో హాయిగా రైలెక్కి, విశాఖ ఒడ్డున నిలిచి అలలను చూచి రండు. అందును తక్కువేమియు లేదు.